బ్రీదర్ గొట్టంలో తువ్వాల

పాత లారీలు అమ్మేవాళ్లలో రెండు రకాలుంటారని జఫర్‌గఢ్‌లో ఎవరినడిగినా చెబుతారు. చచ్చిన ఇంజన్‌ను బతికున్నట్టు చూపించేవాళ్లు ఒక రకం. అది చేతకాక పట్టుబడేవాళ్లు రెండో రకం. బతికున్న ఇంజన్‌ను చచ్చినట్టు చూపించడానికి నడుం కట్టినవాడు మాత్రం ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆయన పేరు సారయ్య. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని పెద్దలు ఊరికే అనలేదు.

సారయ్యకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. అందులో ముప్ఫై ఎనిమిదేళ్లు స్టీరింగ్ వెనకే గడిచాయి. మొదట్లో వాళ్ల లారీ, వీళ్ల లారీ నడిపాడు. ఇరవై ఏళ్ల కింద సొంతంగా ఆరు టైర్ల లారీ కొని, ముందు అద్దం పైన 'మల్లన్న దయ' అని రాయించాడు. మహదేవపూర్ నుంచి వడ్లు తెచ్చాడు, భూపాలపల్లి నుంచి బొగ్గు తెచ్చాడు, మానుకోట అని అక్కడివాళ్లు పిలుచుకునే మహబూబాబాద్ నుంచి మిరప బస్తాలు తెచ్చాడు. ఒక్కనాడు కూడా ఆ స్టీరింగ్‌ను పరాయివాడి చేతికి ఇవ్వలేదు. మొన్న వానాకాలంలో ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. చూపు సగమే తిరిగొచ్చింది. లైసెన్సు కొత్తది చేయించుకుందామని పోతే కంటి డాక్టరు కాగితం మీద సంతకం పెట్టలేదు. "కాకా, సైకిల్ తొక్కుకో, లారీ ముట్టకు" అన్నాడు. సారయ్య ఆ డాక్టరును హన్మకొండ నుంచి జఫర్‌గఢ్ దాకా బస్సులో తిడుతూనే వచ్చాడు. పక్క సీటాయన మధ్యలోనే దిగిపోయాడు.

అప్పటినుంచి లారీ ఇంటి వాకిట్లో నిలబడిపోయింది. నిలబడిందన్న మాటే గాని, సారయ్య దాన్ని నిద్రపోనివ్వలేదు. పొద్దున ఆరున్నరకు, మొహం కూడా కడుక్కోకముందే ఎక్కి స్టార్ట్ చేసేవాడు. సరిగ్గా పది నిమిషాలు. "పండుకున్న మనిషి, నిలబడ్డ ఇంజన్, రెండూ జల్ది పాడైతయి" అనేవాడు. ఆ పది నిమిషాలు ఆయనకు ప్రాణం లేచి వచ్చేది. ఇంట్లో మిగతావాళ్లకు ప్రాణం పోయేది.

ఎందుకో తెలియాలంటే డీజిల్ ఇంజన్ గురించి ఒక ముక్క చెప్పాలి. పిస్టన్లు ఎంత బిగువుగా ఉన్నా మండిన గాలి కొంత వాటి పక్కనుంచి కిందికి, నూనె ఉండే చోటికి జారుతుంది. అక్కడ కాగుతున్న నూనె ఆవిరిని కలుపుకుని అది బయటికి పోవాలి. పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. బ్రీదర్ అంటారు. ఇంజన్ కడుపులోని గాలి వదిలేది దాంట్లోంచే. కొత్త బండ్లలో ఆ ఆవిరిని వడగట్టి మళ్లీ ఇంజన్‌కే తాగించే ఏర్పాటు ఉంది. సారయ్య లారీది పాతకాలపు పెంపకం, మొహమాటం లేకుండా వాకిట్లోకే వదులుతుంది.

ఆ వదిలిన ఆవిరి ఎక్కడెక్కడికి పోయిందో వెంకటనర్సమ్మను అడగాలి. ఆమె సారయ్య భార్య. తెల్లారకముందే లేచి అలుకు చల్లి ముగ్గు వేస్తే, ముగ్గు మధ్యలో నల్లటి చుక్కలు పడేవి. ఆమె పెట్టని చుక్కలు. పొయ్యి మీద పప్పు ఇంజన్ ఆయిల్ వాసన కొట్టేది. కోడలు శ్వేత దండెం మీద ఆరేసిన బట్టలు ఎన్నిసార్లు ఉతికినా జిడ్డు వదిలేవి కావు. కొడుకు రంజిత్ జనగామలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. "ఏందయ్యా, రాత్రిపూట మెకానిక్ షెడ్డుకు గూడ పోతున్నవా?" అని దుకాణం ఓనరు అడిగాడట.

ఇంట్లో గొడవ ముదిరేసరికి సారయ్య తన తెలివి బయటికి తీశాడు. ఒకనాడు వెంకటనర్సమ్మ గిన్నెలు తోమబోతే స్టీలు పీచు కనిపించలేదు. అన్నంలోకి తొక్కు తీద్దామంటే డబ్బా లేదు, తొక్కేమో గిన్నెలో ఉంది. ఇల్లంతా వెతికి చివరికి లారీ కిందికి వంగి చూసింది. బ్రీదర్ గొట్టం చివర తొక్కు డబ్బా తీగతో కట్టి వేలాడుతోంది. దాంట్లో పీచు కుక్కి ఉంది. అడుగున తెల్లగా, చిక్కగా ఏదో ఉంది.

"గిదేంది రంజిత్ బాపూ, లారీకి మజ్జిగ పోస్తున్నవా?"

"మజ్జిగ గాదే. చలికి నీళ్లు, నూనె కలిసి గట్లయినయి. ఆవిరి పోయి పీచుకు తగుల్తది. నూనె డబ్బాల పడ్తది. వట్టి గాలి బయటికి పోతది. పెద్ద పెద్ద కంపెనీలోళ్లు గిట్లనే చేస్తరు."

"పెద్ద కంపెనీలోళ్లు పెండ్లాం తొక్కు డబ్బా ఎత్తుకపోరు" అని వెంకటనర్సమ్మ లోపలికి పోయింది. కాని మరునాటి నుంచి ముగ్గులో చుక్కలు తగ్గిన మాట నిజం. ఆమె ఆ మాట పైకి అనలేదు. సారయ్యను డబ్బా తిరిగి ఇవ్వమని కూడా అనలేదు.

రంజిత్‌కు ఇది చాలలేదు. ఒకనాడు అన్నం తింటూ, "బాపూ, బండి అమ్ముదాం. నువ్వు నడపలేవు, ఇంకొకల్లను నడపనియ్యవు. వాకిట్ల పెట్టుకొని ఏంజేస్తం?" అన్నాడు.

సారయ్య ముద్ద మింగి, "నీ ఇష్టం" అన్నాడు.

రంజిత్ దాన్ని సరేనన్న మాటగా తీసుకున్నాడు. పాపం, చదువుకున్నవాడు. లోపల సారయ్య గుండె లబోదిబోమంటోంది. అమ్మొద్దు. ఆయన కోరిక అదొక్కటే. కాని ఎందుకు వద్దో చెప్పమంటే ఆయన దగ్గర ఒక్క కారణం లేదు. నడపలేడు, ఇంకొకరికి ఇవ్వడు, దాంతో సంపాదించేదీ లేదు. లారీ లేకపోతే పొద్దున లేచి ఎవరి మొహం చూడాలో తెలియదు అన్నది ఒక్కటే కారణం. అది కొడుకుతో చెప్పే మాటేనా? ముప్ఫై ఎనిమిదేళ్లు కాటారం అడవి రోడ్ల మీద ఒంటరిగా బండి నడిపిన మనిషి, కొడుకు ముందు చిన్నపిల్లాడిలా నాకు గది గావాలె అని ఏడుస్తాడా? ఏడవడు. అందుకే దొంగదారి వెతికాడు.

దారి వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఎనిమిదేళ్ల కింద ఒక వానాకాలంలో వాగులు పొంగి లారీ నెల రోజులు మహదేవపూర్‌లో ఇరుక్కుపోయింది. నీళ్లు తగ్గాక స్టార్ట్ చేసి నాలుగు కిలోమీటర్లు రాగానే ఇంజన్‌లోంచి టప్పుమని శబ్దం వచ్చింది. నూనె ఎంతుందో చూసే సన్నటి కడ్డీ ఎగిరి క్యాబిన్ కప్పుకు తగిలింది. వెనకే నూనె చిమ్మింది. ఇంజన్ పోయిందనుకుని సారయ్య రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు. కాసేపటికి ఒక ముసలి మెకానిక్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఇనుప తీగ తీసి బ్రీదర్ గొట్టంలో పొడిచాడు. కందిరీగ కట్టిన మట్టిగూడు ఊడి కింద పడింది. ఊపిరి వదిలే దారి మూసుకుపోయి, లోపలి గాలి దొరికిన సందుల్లోంచి తన్నుకుని వచ్చిందంతే. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

అంటే గొట్టం మూస్తే మంచి ఇంజన్ కూడా చచ్చినదానిలా కనబడుతుంది. కందిరీగ చేసిన పని మనిషి చేయలేడా?

మొదటి బేరం భూపాలపల్లి నుంచి వచ్చింది. ఇటుక బట్టీ నడిపే బిక్షం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని దిగాడు. ఆయన వచ్చే అరగంట ముందే సారయ్య డబ్బా విప్పేసి, తన పాత ఎర్ర తువ్వాలను స్క్రూడ్రైవర్‌తో బ్రీదర్ గొట్టంలో కుక్కాడు. రెండు నిమిషాలకు మించి నడపొద్దని తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు. మించితే నూనె కారకుండా ఆపే లోపలి సీళ్లు నిజంగానే తెగుతాయి.

ఆ లారీలో ఇంజన్ క్యాబిన్ లోపలే, డ్రైవర్ సీటు పక్కన ఉంటుంది. దాని మీది మూత ఎత్తి బిక్షం పక్కనే కూర్చున్నాడు. సారయ్య స్టార్ట్ చేశాడు. పాత లారీ కొనేవాళ్లందరూ ఒక పరీక్ష చేస్తారు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే చోట మూత తీసి, దాన్ని అక్కడే బోర్లించి పెడతారు. మూత కదలకుండా కూర్చుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. చిందులేస్తే లోపల అరిగిపోయినట్టు. బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది అంటారు.

బిక్షానికి ఆయిల్ మూత దాకా పోయే అవసరమే రాలేదు. చెయ్యి చాపాడో లేదో కడ్డీ టప్పుమని లేచింది. నూనె ఆయన చొక్కా మీద నడుము నుంచి మీసాల దాకా వరసగా చుక్కలు పెట్టింది.

"ఓరి నీ! గిది ఇంజనా, బాయికాడి మోటరా?"

"ఏంజేద్దామన్నా, వయసయిపోయింది" అని సారయ్య చావు ఇంట్లో వాడిలా మొహం పెట్టి ఇంజన్ బంద్ చేశాడు.

బిక్షం చాయ్ కూడా తాగకుండా పోయాడు. సారయ్య లారీ కింద దూరి తువ్వాల పీకి, డబ్బా మళ్లీ కట్టి, ఆనాడు రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాడు. కొడుకు మొహం వేలాడేసుకుని కూర్చుంటే, "పోనీ తియ్యి బిడ్డా, మన నసీబు" అని ఓదార్చాడు కూడా.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. కాని అబద్ధం ఇంటి గడప దాటాక మన మాట వినదు. మూడో రోజుకు సారయ్య లారీ ఇంజన్ పోయిందన్న కబురు జఫర్‌గఢ్ అంతా పాకింది. పరామర్శలు మొదలయ్యాయి. చాయ్ హోటల్లో ఆయన కూర్చోగానే నలుగురు గొంతు తగ్గించేవాళ్లు. ఒకాయన చాయ్ పైసలు తానే ఇచ్చేశాడు. ఒకప్పుడు సారయ్యతో పాటు బొగ్గు తోలిన పోచయ్య ఏకంగా ఇంటికే వచ్చి, మంచం మీద కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎప్పటిసంది గిట్లయింది?"

"గీ మధ్యనే."

"ఇరవై ఏండ్లు బువ్వ పెట్టింది. మన చేతుల ఏమున్నది చెప్పు" అని పోచయ్య నిట్టూర్చి, "ఏమనుకోకు గని సారయ్యా, టైముకు ఆయిల్ మార్చలేదట గద?" అన్నాడు.

సారయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్ ఎనిమిదివేలకే మార్చినవాడు! కొడుకుకు జ్వరమొస్తే రేపు చూద్దామన్నాడు గాని, లారీకి ఆయిల్ రేపు మారుద్దామని ఏనాడూ అనలేదు. "ఎవడన్నడు?" అని లేచాడు. ఇంజన్ మంచిదంటే గుట్టు బయటపడుతుంది. పోయిందంటే పరువు పోతుంది. మింగలేక, కక్కలేక మళ్లీ కూర్చున్నాడు. పోచయ్య దాన్ని బాధ అనుకుని ఇంకో రెండుసార్లు భుజం తట్టాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు సొంత ఇంట్లోనే పడింది. ఆ సాయంత్రం రంజిత్ తల్లితో అంటున్న మాట గోడ అవతలి నుంచి వినబడింది. "బాపును ఏమనకే అవ్వా. కన్ను కనబడక ఆయిల్ సరిగ్గ చూస్కోలేదు గావచ్చు. పాపం." ఆ 'పాపం' సారయ్య చెవిలో సీసం పోసినట్టయింది. ఆనాడు రొట్టెలు రెండు తగ్గాయి.

రెండో బేరం ఆ తరువాతి ఆదివారం వచ్చింది. ఈసారి వచ్చినవాడు రామ్మోహన్. మానుకోటలో మిర్చి, బియ్యం హోల్‌సేల్ వ్యాపారం. మాట మెత్తన, చూపు తూకం. వెంట ఒక మెకానిక్‌ను తెచ్చుకున్నాడు. గూడూరులో షెడ్డు పెట్టుకున్న హీర్యా అట. యాభై ఏళ్ల బక్కపలచని మనిషి. దిగగానే క్యాబిన్ ఎక్కలేదు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసి, తలుపు తీసి వేసి, ఆ శబ్దం విని తల ఊపాడు. అది చూసి సారయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈ మనిషికి బండ్లు తెలుసు.

తువ్వాల మాత్రం అప్పటికే మళ్లీ గొట్టంలోకి చేరింది. ఈసారి కడ్డీ ఎగిరి ఎవరి చొక్కా పాడుచేయకుండా సారయ్య దాన్ని గట్టిగా బిగించి పెట్టాడు. సారయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఆయిల్ మూత తీసి చూడు తమ్మీ" అన్నాడు తొందరగా.

"నడవనీ కాకా. జర వేడెక్కనీ" అని హీర్యా బంపర్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

రెండు నిమిషాలయ్యాయి. వెంకటనర్సమ్మ చాయ్ తెచ్చింది. హీర్యా ఊదుకుంటూ తాగుతున్నాడు. ప్రపంచంలో చాయ్ ఇంత మెల్లగా తాగేవాడు ఇంకొకడు ఉంటాడా? మూడు నిమిషాలు. నాలుగు. మాఘమాసపు చలిలో సారయ్య మెడ మీద చెమట పట్టింది. లోపల గాలి బిగుస్తోంది. ఇంజన్ గొంతు మారింది. ఇంకెవరికీ తెలియదు గాని ఆయనకు తెలుస్తోంది. "బంద్ చెయ్యనా?" అని రెండుసార్లు అడిగాడు. "తొందరేమున్నది?" అన్నాడు రామ్మోహన్.

అయిదో నిమిషంలో హీర్యా క్యాబిన్ ఎక్కి, గుడ్డ అడ్డం పెట్టుకుని, ఆయిల్ మూత తిప్పాడు. భుస్సుమంది. నీలం పొగ క్యాబిన్ నిండి కిటికీల్లోంచి బయటికి వచ్చింది. మూత బోర్లించి పెడితే అది నాలుగు చిందులు వేసి, ఎగిరి, బ్రేకు పెడల్ కింద పడింది. హీర్యా అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెయ్యి నల్లగా తేలింది. దిగి, మట్టిలో చెయ్యి రుద్దుకుని, "సేటూ, ఖతం" అన్నాడు.

సారయ్య హమ్మయ్య అనుకున్నాడు. ఇక రామ్మోహన్ కారెక్కడమే తరువాయి. కాని వ్యాపారి బుద్ధి అంత తొందరగా కారెక్కదు.

"ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే" అన్నాడు రామ్మోహన్ లారీని పైకీ కిందికీ చూస్తూ. "బాడీ మంచిగున్నది, ఛాసిస్ గట్టిగున్నది. ఏమంటవ్ హీర్యా? గీ ఇంజన్ తీసి పాతినుము కబాడీకి ఏద్దాం. గ్యాస్ కట్టర్ పెట్టి ముక్కలు కోస్తే వాడే మోసుకపోతడు. ఇంకో ఇంజన్ దించుదాం."

"గదే మంచిది" అన్నాడు హీర్యా.

"మంచిదే సేటూ, తీసుకపోండి" అన్నాడు రంజిత్, నెత్తి మీది బరువు దిగినవాడిలా.

తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఇదే. లారీ పోతుంది. పోవడమే కాదు, ఇంజన్‌ను గ్యాస్ మంటతో ముక్కలు కోస్తారు. సారయ్య నోరు తెరిచాడు. ఆ లోపే హీర్యా ఇంకో మాట అన్నాడు. ఎవరినో నొప్పించాలని కాదు. పనిమంతుడు, చూసిన బాధ చెప్పుకున్నాడు.

"బండిని గింత సక్కగ ఉంచుకొని ఇంజన్‌ను నాశనం చేసిన్రు కాకా. కూలి డ్రైవర్ చేతికి ఇచ్చినవా? నడిపినోడికి దీని మీద పానం లేదు. ఆయిల్ మొహం ఎన్నడన్న చూపెట్టిండో లేదో."

సరిగ్గా అప్పుడే ఇంజన్ వెనక వైపు నుంచి ఒక నూనె చుక్క నేల మీద పడింది. దాని వెనక ఇంకొకటి. సీలు తడుస్తోంది. మిగతా ముగ్గురికీ కనబడలేదు. సగం చూపున్న సారయ్యకు కనబడింది.

"కబాడీకా!" అని అరిచాడు. వీధిలో పోతున్న మేకలు ఆగాయి. "నా ఇంజన్ కబాడీకా! పానం లేదా నాకు! నువ్వు జర ఆగు తమ్మీ!"

ఉతికిన ధోవతితో, అరవై దాటిన ఒంటితో సారయ్య వెల్లకిలా లారీ కింద దూరాడు. టూల్ పెట్టెలోంచి తీసిన పట్టకారుతో గొట్టంలో పొడిచి, తువ్వాల కొస పట్టి లాగాడు. రాలేదు. కాలు టైరుకు తన్ని పెట్టి మళ్లీ లాగాడు. ఫట్టుమంది. తువ్వాల, దాని వెనక పొగ, పొగ వెనక నూనె అన్నీ కలిసి ఆయన మొహం మీదికే వచ్చాయి. బయటికి వచ్చేసరికి సారయ్యలో తెల్లగా మిగిలినవి కళ్లు, పళ్లు మాత్రమే.

"పెట్టు!" అన్నాడు రొప్పుతూ. "ఇప్పుడు పెట్టు మూత!"

హీర్యా ఎక్కి, మూత వెతికి తీసి, బోర్లించి పెట్టాడు. ఇంజన్ నడుస్తోంది. మూత కూర్చుంది. కొత్త పెళ్లికూతురు పీట మీద కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. హీర్యా దాన్ని చూశాడు. కిందికి దిగి సారయ్య చేతిలోని తువ్వాలను చూశాడు. సారయ్య మొహం చూశాడు. తరువాత బంపర్ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కింద కూర్చున్నాడు.

"ఏమైంది హీర్యా? జర చెప్పు" అన్నాడు రామ్మోహన్ అయోమయంగా.

"సేటూ, ముప్ఫై ఏండ్ల సంది గీ పని చేస్తున్న. సచ్చిన ఇంజన్‌కు సోకులు చేసి అమ్మెటోళ్లను మస్తుమందిని చూసిన. మంచి ఇంజన్ ముక్కు మూసి, సచ్చిందని చూపెట్టెటోన్ని గిప్పుడే చూస్తున్న!"

రంజిత్ నవ్వలేదు. "బాపూ, నువ్వు పెట్టినవా గది? ఊరందరి ముందట మన ఇజ్జత్ తీసినవ్ గద! అమ్ముడు ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నేను అడిగిన్నా లేదా? నీ ఇష్టం అన్నవా లేదా?"

దానికి జవాబు చాయ్ గ్లాసులు ఏరుకుంటున్న వెంకటనర్సమ్మ చెప్పింది. "నలభై ఏండ్ల సంది చూస్తున్న కొడుకా. మీ బాపు నీ ఇష్టం అన్నడంటే నాకిష్టం లేదని. మా పెండ్లినాడు మా నాయినతోని గూడ గట్లనే అన్నడు."

"నిన్ను చేసుకునుడు ఇష్టం లేక కాదే" అన్నాడు సారయ్య, నల్లటి మొహంతో.

"మరెందుకన్నవో ఇంకా చెప్పనే లేదు" అని ఆమె గ్లాసులు తీసుకుని అరుగు మీద పెట్టింది.

రామ్మోహన్ వ్యాపారే గాని పాడు మనిషి కాదు. మంచి ఇంజన్ కళ్లముందే మంచి పాటలా నడుస్తోంది. ఆయన చెయ్యి జేబు వైపు పోబోయి ఆగింది. "సారయ్యా, గిసొంటి బండి నాకు గావాలె. నిజం చెప్తున్న. మహదేవపూర్ నుంచి వడ్లు తేవాలె, మన మిర్చి వరంగల్‌కు పోవాలె. రోజూ పనుంటది. గని బలవంతం లేదు. అమ్ముతవా, అమ్మవా? నీ నోటితోని చెప్పు."

అందరూ ఆయన వైపు చూశారు. 'అమ్మను' అన్న మాట సారయ్య నాలుక చివర ఉంది. ఇన్నాళ్లూ తువ్వాలతో, దొంగవేషాలతో తిరిగింది ఆ ఒక్క మాట కోసమే. ఇప్పుడు ఎవరూ అడ్డం లేరు. కొడుకు కూడా తల వంచుకుని నిలబడ్డాడు, అంటే ఒప్పుకున్నట్టే. ఒక్క మాట అంటే చాలు, లారీ వాకిట్లోనే ఉంటుంది.

ఇంజన్ నడుస్తూనే ఉంది. ఊపిరి దారి తెరుచుకున్నాక దాని గొంతు సాఫీ అయింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఇంకో పదేళ్లు బరువు లాగుతానంటోంది. మరి రేపు పొద్దున ఏం చేస్తుంది? పది నిమిషాలు నడుస్తుంది. తరువాత తానే బంద్ చేస్తాడు. ఎల్లుండీ అంతే. మంచిదని తానే కదా మేకలు ఆగేలా అరిచింది? మంచిదైతే వాకిట్లో ఎందుకుండాలి? పని చేయగలిగిన ఒంటిని పని నుంచి ఆపితే ఎట్లా ఉంటుందో ఈ ఆరు నెలల్లో ఆయనకు తెలిసినంతగా జఫర్‌గఢ్‌లో ఎవరికీ తెలియదు. కంటి డాక్టరు తనకు చేసిన పనే తాను దానికి చేస్తున్నాడు. తువ్వాల కుక్కి రెండుసార్లు, తువ్వాల లేకుండా రోజూ.

సారయ్యకు ఏడుపొచ్చింది. నూనె మొహం మీద కన్నీళ్లు దారులు చేశాయి. ఎవరూ నవ్వలేదు.

"తీసుకపో సేటూ" అన్నాడు.

"బాపూ, వద్దు. ఉండనీ" అన్నాడు రంజిత్ గబగబా.

"నీ ఇష్టం అంటలేను బిడ్డా. నా ఇష్టంతోని చెప్తున్న. తీసుకపోనీ." తరువాత హీర్యా వైపు తిరిగాడు. "వెనక సీలు తడుస్తున్నది తమ్మీ, నా వల్లనే. కొత్తది ఎయ్యి. గొట్టం నెలకొక్కసారి తీగ పెట్టి చూడు, కందిరీగలు కడ్తయి. ఎనిమిదివేలకు ఆయిల్ మార్చు. పదివేలు గాదు."

"ఎనిమిదివేలకే కాకా" అన్నాడు హీర్యా. ఇప్పుడు నవ్వడం లేదు.

కాగితాలు, సంతకాలు అయ్యేసరికి మూడు దాటింది. హీర్యా తాళంచెవి సారయ్యకే ఇవ్వబోయాడు. "ఒక్కసారి నువ్వు కూసో కాకా. మెయిన్ రోడ్డు దాక నువ్వే తోలు."

సారయ్య చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "వద్దు. నేను కిందనే ఉంట."

లారీ కదిలింది. వాకిలి దాటింది. ఇరవై ఏళ్లలో అది ఆ వాకిట్లోంచి కొన్ని వేలసార్లు వెళ్లింది. ప్రతిసారీ సారయ్య లోపలే ఉన్నాడు. ఆ లారీ వెళ్లిపోతుంటే ఇంటి దగ్గర నిలబడ్డవాళ్లకు ఎట్లా కనబడుతుందో ఆయనకు ఇవాళే తెలుస్తోంది. వెనక తలుపు చిన్నదవుతోంది. శబ్దం తగ్గుతోంది. ఇంక చూడలేక గిరుక్కున ఇంట్లోకి తిరిగాడు.

వెంకటనర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఎప్పుడు వచ్చి పక్కన నిలబడిందో ఆయన గమనించలేదు.

"యాడికి పోతున్నవ్?"

"పోయింది గద. ఇంకేమున్నది?"

"ఇంకా మూల తిరగలే" అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ. "మూల తిరిగెదాక నిలబడాలె. ఇరవై ఏండ్లు నేను గట్లనే నిలబడ్డ."

సారయ్య నిలబడ్డాడు.